వాన వెలిసింది - బండి కదలదేం?

మా పక్కింటి మాస్టారికి కారంటే ప్రాణం. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న వీధి మాది. క్రితం శ్రావణంలో వారి మేనకోడలి పెళ్లికి అనకాపల్లి వెళ్లాలి. బుధవారం నాడే ఆయన కారుకి తలంటి పోసినంత శ్రద్ధగా నీళ్లు పట్టి కడిగి, హాండుబ్రేకు గట్టిగా బిగించి, పైన గుడ్డ కప్పి ఉంచారు. ఆ సాయంత్రం పట్టిన ముసురు శనివారం రాత్రి దాకా వదల్లేదు.

ఆదివారం తెల్లవారుజామున పట్టుచీరలూ, పిల్లలూ, పళ్ల బుట్టలూ అన్నీ కారెక్కాయి. ఇంజను చక్కగా పలికింది. మాస్టారు హాండుబ్రేకు దింపారు. గేరు వేశారు. బండి మూలిగింది, ముక్కింది. అంతే గాని అంగుళం కదల్లేదు!

“ఏమండీ, ఇంజను పాడయిందా?” అన్నారు వారి భార్య. “ఎవరి కళ్లు పడ్డాయో!” అన్నారు వెనక సీట్లోంచి తల్లిగారు. మాస్టారికి పౌరుషం వచ్చి ఆక్సిలరేటరు అదిమి తొక్కబోతుంటే, “ఆగండి మాస్టారూ” అని నేనే వీధి చివరి షెడ్డులోంచి మెకానిక్కుని పిలుచుకొచ్చాను. అతను చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూసి, “ఇంజనుకేం రోగం లేదు బాబూ. బ్రేకు తుప్పట్టి చక్రాన్ని కరుచుకుంది” అన్నాడు.

“తుప్పా? నాలుగు రోజులకేనా? మొన్ననేగా శుభ్రంగా కడిగానూ!”

“అందుకేనండి” అన్నాడతను.

ఆ ‘అందుకే’లో ఉన్న సంగతేమిటో కాస్త తెలుసుకుందాం.

కారు చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం ఒకటుంటుంది. దాన్ని డిస్కు అంటారు. మనం బ్రేకు తొక్కితే రెండు పక్కల నుంచీ రెండు పాడ్లు దాన్ని పట్టుకుంటాయి. చిన్న కార్లలో చాలావాటికి వెనక చక్రాలకు డిస్కు బదులు డ్రమ్ము ఉంటుంది. మూత పెట్టిన గిన్నె లాంటి ఆ డ్రమ్ము లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు విచ్చుకుని గోడకు ఒరుసుకుంటాయి. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్కసారి ఆగిందంటే, ఆ ఒరిపిడిలో పుట్టే వేడి అరలీటరుకు కాస్త తక్కువ నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. ఇద్దరికి కాఫీ నీళ్లన్న మాట! అంత వేడిని మాటిమాటికీ తట్టుకుని, త్వరగా వదిలించుకుని, ధరలో అందుబాటుగా ఉండేది పోత ఇనుము. అందుకే డిస్కులూ డ్రమ్ములూ సాధారణంగా దానితోనే పోస్తారు.

పోనీ, కారు ఒంటికి వేసినట్టు వాటికీ రంగు వేయకూడదా అంటారేమో. ఒరుసుకునే చోట రంగు నిలవదు. అంచేత అక్కడ ఇనుము బోసిగా ఉండక తప్పదు. బోసి ఇనుముకు నీరూ, గాలిలోని ప్రాణవాయువూ కలిసి తగిలితే ఇక చెప్పేదేముంది? రాత్రి వాన పడితే తెల్లవారేసరికి డిస్కు మీద నారింజ రంగు పొర తేలుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కనుక మా ఊళ్లో ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది.

ఈ పొరను చూసి బెంగపడనక్కర్లేదు. బండి బయల్దేరాక నాలుగుసార్లు బ్రేకు తొక్కితే కరకరమని కాస్త చప్పుడు చేసి తుడుచుకుపోతుంది. అసలు చిక్కు హాండుబ్రేకు బిగించి రోజుల తరబడి కదపకుండా ఉంచినప్పుడు వస్తుంది. అది సామాన్యంగా వెనక చక్రాల మీద పని చేస్తుంది. తడిసిన షూ తడిసిన డ్రమ్ముకు నొక్కుకుని ఉంటుంది. డ్రమ్ములో చేరిన తేమ త్వరగా బయటికి పోదు. పైన కప్పిన గుడ్డ గాలి ఆడనివ్వదు. షూ మీది లైనింగులోనూ ఇనప రజను ఉండవచ్చు. అదీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక ఆ సన్నని సందంతా నిండి, రెంటినీ జిగురు పెట్టినట్టు అతికిస్తుంది. హాండుబ్రేకు తీగ కూడా దాని గొట్టంలో తుప్పు పట్టిందంటే, మనం పిడి దించినా తీగ వదలదు. 2020లో లాక్‌డౌను రోజుల్లో నెలల తరబడి నిలిచిపోయిన కార్లకు ఈ పట్టు అనుభవమే.

సరే, మెకానిక్కు ఏం చేశాడు? అందరినీ దింపి, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి, మొదటి గేరులో మెత్తగా కాస్త ముందుకు లాగాడు. తర్వాత రివర్సు గేరులో కాస్త వెనక్కి. మూడోసారికి టక్కుమని చప్పుడయి చక్రం విడిపోయింది. “కదలకపోతే బలవంతం చేయకూడదండి. లైనింగు షూ నుంచి ఊడి వచ్చేస్తుంది. అప్పుడు చక్రం విప్పి, డ్రమ్ము అంచున మెల్లగా తట్టి వదిలించాలి” అన్నాడు.

ఇంతలో మాస్టారి చిన్నబ్బాయి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చాడు. తలుపు బందు కిర్రుమంటే మనం చేసే వైద్యమే కదా! మెకానిక్కు గబుక్కున సీసా లాక్కున్నాడు. “బాబూ, ఇనుము జారడానికి నూనె. బ్రేకు ఉన్నది జారకుండా పట్టుకోడానికి. ఆ చుక్క పడితే బండి కదుల్తుంది గాని మళ్లీ ఆగదు!” ఈ మాట ప్రతి ఇంట్లోనూ గుర్తుంచుకోవలసినది. డిస్కుకు గాని, డ్రమ్ము లోపల గాని నూనె, గ్రీజు సోకకూడదు. పొరపాటున సోకిందా, బాగుచేయించే దాకా బండి తీయకూడదు.

కదలని బ్రేకు పెళ్లికి ఆలస్యం చేస్తుంది. పట్టని బ్రేకు ప్రాణం మీదికి తెస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నిలిచాయి. తడి బ్రేకు తొక్కితే పాడుకూ ఇనుముకూ మధ్య నీటి పొర అడ్డుపడుతుంది. డిస్కు తిరుగుతూ నీటిని విసిరేసుకుంటుంది గాని డ్రమ్ము అంత త్వరగా ఆరదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత అంబాసిడర్ల కాలంలో, వాగు దాటిన డ్రైవర్లు కొంతదూరం బ్రేకు మీద కాలు కొద్దిగా ఆనించి మెల్లగా నడిపేవారు. ఆ ఒరిపిడి వేడికే నీరు ఆరిపోయేది. ఈనాటికీ అదే మంచి ఉపాయం. వెనక బండ్లు లేని చోట చూసుకుని చేయాలి. చక్రాలు మునిగేంత నీళ్లలో నిలిచిన బండిని మాత్రం నడపకుండా, డ్రమ్ములు విప్పించి బురద కడిగించాలి.

బయటి నీరే కాదు, లోపలి నీరూ ఉంది. మన కాలి ఒత్తిడిని చక్రాలకు చేరవేసే బ్రేకు ద్రవం గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదు, నూటికి 3.7 పాళ్లు నీరు చేరిన తర్వాత దాని హద్దు 140 డిగ్రీలే. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాగి ద్రవం మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు చేరి, పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. అదే తేమ లోపలి పిస్టనులకు తుప్పు పట్టించి, అవి కదలకుండా చేస్తుంది కూడా. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి ద్రవం మార్పించమంటారు.

కొత్తగా వస్తున్న విద్యుత్తు కార్లలో మోటారే బండిని నిదానింపజేస్తుంది. బ్రేకుకు పని తక్కువ, తుప్పుకు తీరిక ఎక్కువ! అందుకే ఫోక్స్‌వాగన్ వారు ఐ.డి. 3 కారుకు వెనక మళ్లీ మూసి ఉండే డ్రమ్ములనే పెట్టారు.

మనం పాటించవలసినవి కొద్దిపాటి సంగతులే. కారు కడిగిన తర్వాత వీధి చివరిదాకా తిప్పి, మెల్లగా నాలుగుసార్లు బ్రేకు వేసి, ఆరాకే నిలపండి. చాలా రోజులు ఉంచవలసి వస్తే, చదును నేల మీద హాండుబ్రేకు వదిలి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. వాలులో మాత్రం హాండుబ్రేకు మానకండి. ప్రయాణంలో బండి ఒక పక్కకు లాగినా, ఒక చక్రం దగ్గర మాడు వాసన వచ్చినా బ్రేకు ఇంకా వదల్లేదన్నమాట. వెంటనే ఆపి చూపించండి.

ఇంతకీ మాస్టారు ముహూర్తానికి పావుగంట ముందే పెళ్లిపందిట్లో ఉన్నారు. తిరిగొచ్చాక కారు కడగడం మానారా అంటే, మానలేదు. కాకపోతే కడిగిన ప్రతిసారీ మనవణ్ణి ఎక్కించుకుని వీధి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి వస్తున్నారు. కారు ఆరుతుంది, పిల్లవాడికి షికారూ అవుతుంది!