అపోహలు – వాస్తవాలు: పార్కిన్సన్స్ మందును రేపటికి దాచుకోకండి

ఇంట్లో ఒకరికి పార్కిన్సన్స్ అని తేలగానే, డాక్టర్ చీటీ కంటే ముందే ఓ సలహా వచ్చి చేరుతుంది. ‘ఆ మాత్రలు ఐదేళ్లే పనిచేస్తాయట. ఇప్పుడే మొదలుపెడితే రేపు ఏ మందూ మిగలదు. ఓర్చుకోగలిగినంత కాలం ఓర్చుకోండి.’ చెప్పేది అయినవాళ్లే, మేలు కోరే చెబుతారు. విన్న పెద్దాయన సిండోపా అట్టను బీరువాలో పెట్టేస్తాడు. చొక్కా గుండీ పెట్టుకోలేడు. రాత్రి మంచంలో పక్కకు తిరగడానికి భార్యను లేపుతాడు. నడుస్తూ నడుస్తూ పడి తుంటి విరగ్గొట్టుకుంటాడు. మందు మాత్రం ఇంట్లోనే ఉంది! ఈ జబ్బు గురించి చెలామణిలో ఉన్న అబద్ధాలన్నిటిలో ఇంత నష్టం చేస్తున్నది మరొకటి లేదు.

మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా చచ్చిపోవడమే పార్కిన్సన్స్. డోపమైన్‌ను నేరుగా మింగితే మెదడులోకి వెళ్లదు, సిండోపా మాత్రలో ఉండే లెవోడోపా వెళ్తుంది. అక్కడ డోపమైన్‌గా మారుతుంది. 1967లో జార్జ్ కాట్జియాస్ అనే వైద్యుడు దాన్ని పెద్ద మోతాదులో నోటి ద్వారా ఇచ్చి ఫలితం చూపించాక, ఇన్నేళ్లలో దీన్ని మించి కదలికలను బాగుచేసే మాత్ర రాలేదు.

మరి కొన్నేళ్లకు మాత్ర ప్రభావం త్వరగా తగ్గిపోతోందని రోగులు చెప్పేది అబద్ధమా? కాదు. తప్పల్లా దానికి చెప్పుకుంటున్న కారణంలో ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు పెద్దదైతే మోటారు ఆగినా గంటల తరబడి నీళ్లొస్తాయి, ట్యాంకు చిన్నదైతే మోటారు ఆడినంతసేపే. మొదటి ఏళ్లలో మిగిలిన కణాలు డోపమైన్‌ను నిల్వ చేసి కొంచెం కొంచెంగా వదులుతాయి, కాబట్టి రోజుకు మూడు మాత్రలతో గడిచిపోతుంది. కణాలు తగ్గేకొద్దీ నిల్వ చేసే శక్తి పోతుంది. లెవోడోపా రక్తంలో గంటన్నరకే సగానికి పడిపోయే మందు. దాని ఎగుడుదిగుళ్లు అప్పుడు ఒంట్లో నేరుగా కనిపిస్తాయి. మందు బలహీనపడలేదు, జబ్బు ముదిరింది. మీరు మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా అది ముదురుతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఘానాలో మందు దొరక్క ఆలస్యంగా మొదలుపెట్టిన రోగులను ఇటలీ రోగులతో పోల్చిన అధ్యయనం 2014లో వచ్చింది. జబ్బు మొదలయ్యాక ఘానావాళ్లు సగటున నాలుగేళ్లకు పైగా లెవోడోపా లేకుండా గడిపారు. ఇటలీవాళ్లకు రెండున్నర ఏళ్లలోపే అందింది. ప్రభావంలో హెచ్చుతగ్గులు మాత్రం ఇద్దరికీ జబ్బు వచ్చాక దాదాపు ఒకే సమయానికి మొదలయ్యాయి. అంటే ఆ అదనపు నిరీక్షణతో ఘానా రోగులు దాచుకున్నది ఏమీ లేదు. నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిగి, 2019లో వెలువడిన లీప్ అధ్యయనంలో సగం మందికి 80 వారాలూ లెవోడోపా ఇచ్చారు, మిగతావారికి 40 వారాలు ఆలస్యంగా మొదలుపెట్టారు. చివరికి రెండు గుంపుల మధ్యా తేడా లేదు. మందు జబ్బును ఆపలేదు, పెంచనూ లేదు.

చిన్న వయసులో జబ్బు వచ్చినవారికి, మోతాదు ఎక్కువైతే, ఒళ్లు మెలికలు తిరిగే అదనపు కదలికలు త్వరగా రావచ్చు. అందుకే వారికి డాక్టర్లు ఒక్కోసారి వేరే మందుతో మొదలుపెడతారు. అది న్యూరాలజిస్టు లెక్క చూసి తీసుకునే నిర్ణయం. వాట్సాప్ సందేశం చదివి తీసుకునేది కాదు. ఇంకా ప్రమాదకరమైనది, వాడుతున్న మాత్రను ఒక్కసారిగా మానేయడం. ఒళ్లు కొయ్యబారిపోయి, తీవ్ర జ్వరం వచ్చి, మనిషి స్పృహ తప్పి ప్రాణం మీదకు రావచ్చు.

ఇక దూలగొండి. ‘ఇంగ్లీషు మందు ఎందుకు, దూలగొండి గింజల పొడి చాలు’ అనే మాటను పూర్తిగా కొట్టిపారేయలేం, ఒప్పుకోక తప్పదు. ఆ గింజల్లో ఉన్నది సాక్షాత్తూ లెవోడోపాయే. దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు మద్రాసులో దాన్ని వేరుచేసి 1937లోనే ప్రకటించారు. అయితే అదే మందు అయినప్పుడు, ‘మాత్ర వద్దు, పొడి ముద్దు’ అనడంలో అర్థమేముంది? ఒక్కో గింజలో అది ఒక్కో మోతాదులో ఉంటుంది. మెదడుకు చేరకముందే లెవోడోపా వృథా కాకుండా కాపాడే కార్బిడోపా పొడిలో ఉండదు, మాత్రలో ఉంటుంది. డాక్టర్‌కు చెప్పకుండా రెండూ కలిపి వాడితే మోతాదు మితిమీరి వాంతులు, బీపీ పడిపోవడం, భ్రమలు రావచ్చు. వాడుతుంటే దాచకుండా చెప్పండి.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు. వణుకు లేకపోతే పార్కిన్సన్స్ కాదంటారు. కొంతమందికి వణుకే ఉండదు, నెమ్మదించడం, బిగుసుకుపోవడమే ఉంటాయి. ఇది పక్షవాతమూ కాదు. పక్షవాతం క్షణాల్లో వస్తుంది, ఇది ఏళ్ల తరబడి పాకుతుంది. తండ్రికి ఉంటే కొడుక్కి ఖాయమనుకోవద్దు. ఎక్కువ మందికి కుటుంబంలో ఎవరికీ ఉండదు. జన్యువుల వల్ల వచ్చిందంటే మందే లేదనడమూ తప్పే. యువకుల్లో వణుకు పుట్టించే విల్సన్ వ్యాధి జన్యుపరమైనదే, ఒంట్లో పేరుకున్న రాగిని తగ్గించే మందులతో అదుపులోకి వస్తుంది. అందుకే 40 ఏళ్లలోపు వణుకు కనిపిస్తే ఆ పరీక్ష తప్పనిసరి. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నయమవుతుందని లక్షలు అడిగేవారిని నమ్మకండి. కొన్ని రక్తవ్యాధుల వంటివాటికి తప్ప, పరిశోధనగానే గానీ చికిత్సగా అమ్మకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్పాయి.

మరి చేయాల్సిందేమిటి? మాత్ర వేళను ఫోన్ అలారంలో పెట్టుకోండి. భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోండి. పప్పు, గుడ్డు, పాలు, మాంసాల్లోని ప్రోటీన్ పేగులో, మెదడు గడప దగ్గర లెవోడోపాకు అడ్డొస్తుంది. అలాగని పప్పు మానేయకండి, వేళ మార్చుకుంటే చాలు. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకండి. ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టండి, లేదా నేలమీద అడ్డంగా రంగు టేపు అతికించి దాన్ని దాటమనండి. గ్యాస్, వాంతులు, కళ్లుతిరుగుడు అని మెడికల్ షాపులో అడిగి మందు తెచ్చుకోవద్దు. లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, సిన్నరిజిన్ డోపమైన్‌ను అడ్డుకుంటాయి, ఉన్న లక్షణాలను పెంచుతాయి, జబ్బు లేనివారికి అలాంటి లక్షణాలను తెచ్చిపెడతాయి కూడా. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రల డబ్బా వెంట తీసుకెళ్లి, వేళ తప్పకుండా ఇమ్మని అడగండి. రోజూ నడవండి. పడిపోయే ఇబ్బంది లేనివారు చెమట పట్టేదాకా వ్యాయామం చేయండి.

పార్కిన్సన్స్‌ను నయం చేసే మందు ఇంకా రాలేదు. కదలనిచ్చే మందు మాత్రం చేతిలో ఉంది. మీ నాన్నగారు ఈ ఏడాది వదులుకున్న నడకను వచ్చే ఏడాదికి ఎవరూ దాచిపెట్టి ఇవ్వరు. బీరువాలోని ఆ అట్టను బయటికి తీయండి, డాక్టర్‌తో మాట్లాడి ఈ వారమే మొదలుపెట్టించండి.