కారవాన్‌లో ఉద్దానం: 23 పిన్‌లలో మిగిలినవి మూడే

కాలేజీ బ్యాచ్ గెట్‌టుగెదర్ అనగానే మీ వాట్సాప్ గ్రూప్‌లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. తేదీ తేలకముందే ‘దారిలో ఇది చూద్దాం, అది చూద్దాం’ అంటూ లొకేషన్లు వచ్చిపడతాయి. మొన్న జనవరిలో మేం ఆరుగురం విశాఖలో కారవాన్ అద్దెకు తీసుకుని బారువ దగ్గరి ఓ పల్లెకు బయల్దేరాం. అప్పటికి మా మ్యాప్‌లో పిన్‌లు 23. చేతిలో ఉన్నది శని, ఆదివారాలు, సోమవారం పొద్దున.

ప్లాన్ వేసేటప్పుడు ముందు మార్చడానికి వీల్లేనిది రాసుకోండి. మాకది డయాలసిస్ షెడ్యూల్. ఏడో మిత్రుడిది ఉద్దానం. వాళ్ల నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో పలాసలో డయాలసిస్. వెంట ఉండేది వీడే. మూడేళ్లుగా ఏ గెట్‌టుగెదర్‌కీ రాలేకపోయాడు. అందుకే ఈసారి మేమే వాళ్ల కొబ్బరితోటకు వెళ్దామనుకున్నాం. శనివారం సాయంత్రం నాలుగుకల్లా చేరాలి. ఈ ఒక్క లైన్ రాయగానే సగం పిన్‌లు వాటంతటవే పోయాయి.

అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం... అన్నీ చూడాల్సినవే. కానీ అవన్నీ శ్రీకాకుళం చుట్టూ తిరిగే ట్రిప్. వాటిని ఇంకోసారికి ఉంచాం. విశాఖ నుంచి పలాసకు 16వ నంబరు జాతీయ రహదారిపై 190 కిలోమీటర్లకు అటూఇటూ. మ్యాప్ చూపించే టైం కారుది. కారవాన్‌కైతే గంటన్నర కలుపుకోండి.

మొదటి ఆగుడు టెక్కలి దగ్గరి తేలినీలాపురం. పొద్దున అయిదుకే బయల్దేరింది దీనికోసమే. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు చలికాలంలో వచ్చి ఊళ్లో చెట్లపైనే గూళ్లు కడతాయి. ఇళ్లమధ్య చెట్టుమీద అంతేసి పక్షులు పిల్లలకు మేత పెడుతుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. హారన్ వద్దు, స్పీకర్ అసలే వద్దు.

రెండోది పలాస-కాశీబుగ్గ. జీడిపప్పు కొనడం పది నిమిషాల పని. తెలిసినవాళ్ల ద్వారా ముందే అడిగి ఓ బట్టీ చూడండి. గింజ పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ పెంకులు కొట్టే ఆడవాళ్ల చేతులు చూశాక కిలో ధరపై బేరమాడబుద్ధి కాలేదు. మందస కోవా కోసం దారి మళ్లాలన్న ప్రతిపాదన ఓటింగ్‌లో ఓడిపోయింది. నా ఓటు కోవాకే.

తప్పు నాదే జరిగింది. సోంపేట దాటాక మొబైల్ మ్యాప్ చూపించిన దగ్గరిదారి పట్టించాను. తోటల మధ్య సన్నటి రోడ్డు, పైన కొబ్బరి మట్టలు, కిందికి వేలాడే కరెంటు తీగలు. అర కిలోమీటరు వెనక్కి నడపాల్సొచ్చింది. మ్యాప్‌కి మీ బండి ఎత్తు తెలీదు. ఊళ్లో వాళ్లకు ఫోన్ చేసి ‘బస్సు వస్తుందా?’ అని అడగండి. బస్సు రాని చోటికి ఆటోలో వెళ్లండి.

ఇంకో సంగతి నీళ్లు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకు వస్తోందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. నీళ్లమీద అనుమానం మాత్రం పోలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అలాంటి ఊళ్లో కుళాయికి పైపు తగిలించి కారవాన్ ట్యాంకు నింపుకోవడం బాగోదు. విశాఖలోనే నింపుకుని వెళ్లాం. టాయిలెట్ ట్యాంకూ తిరిగొచ్చాకే ఖాళీ చేయించాం.

మూడోది బారువ బీచ్, ఆదివారం తెల్లవారుజామున. సూర్యాస్తమయం ఫొటో కావాలన్నవాడికి మనది తూర్పు తీరమని గుర్తుచేయాల్సొచ్చింది. ఈ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి కాబట్టి చీకట్లో ఇసుకమీద లైట్లు వేయకండి.

తోటకు చేరేసరికి అయిదుంపావు. వాళ్ల నాన్నగారు బండి చుట్టూ ఓసారి తిరిగి, ‘ఏటి బాబూ, ఇల్లే ఒట్టుకొచ్చీసినారేటి?’ అన్నారు. ఎనిమిది సీట్ల బండిలో రెండు ఖాళీగా ఉంచింది ఊరికే కాదు. సోమవారం పొద్దున ఆయన, మా వాడు పలాస దాకా మాతోనే వచ్చారు. కిటికీ పక్క సీటు ఆయనదే.