అడవి పిల్లి

అడవి పిల్లి (శాస్త్రీయ నామం: ఫెలిస్ చౌస్) మార్జాల కుటుంబానికి చెందిన ఒక మాంసాహార క్షీరదం. పేరులో అడవి ఉన్నప్పటికీ ఇది దట్టమైన అడవులలో కంటే నీటి ఒడ్డున పెరిగే తుంగ, జమ్ము, రెల్లు పొదలలోను, గడ్డి మైదానాలలోను, పంట పొలాలలోను ఎక్కువగా నివసిస్తుంది. తెలంగాణలోని నిజామాబాదు, బోధన్ ప్రాంతపు చెరకు తోటలు దీనికి అనువైన ఆవాసాలు. ఎలుకలు, పందికొక్కులు దీని ప్రధాన ఆహారం కావడం వలన ఇది రైతుకు మేలు చేసే జంతువు. అయినా కోళ్ళను ఎత్తుకుపోతుందనే కోపంతోను, చిరుతపులి పిల్ల అనే భయంతోను మనుషులు దీనికి హాని చేయడం కద్దు.

పేర్లు

తెలుగులో దీనిని అడవి పిల్లి అనీ, బావురు పిల్లి అనీ అంటారు. మద్రాసు రాజధానిలో సైనిక వైద్యునిగా పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త టి.సి. జెర్డన్ 1867లో వెలువడిన తన భారతదేశ క్షీరదాల గ్రంథంలో దీనికి జింకపిల్లి అనే తెలుగు పేరును నమోదు చేశాడు. శాస్త్రీయ నామంలోని చౌస్ అనే మాటను గుల్డెన్‌స్టెట్ అనే శాస్త్రవేత్త 1776లో వాడాడు. కాస్పియన్ సముద్రంలో కలిసే టెరెక్ నది ఒడ్డున దొరికిన జంతువును ఆయన వర్ణించగా, 1777లో ష్రేబర్ దానికి ఫెలిస్ చౌస్ అని ద్వినామం పెట్టాడు.

విస్తరణ

ఈజిప్టులోని నైలు నదీ ప్రాంతం మొదలుకొని పశ్చిమాసియా, మధ్య ఆసియా, భారత ఉపఖండం మీదుగా ఆగ్నేయాసియా వరకు అడవి పిల్లులు కనిపిస్తాయి. ప్రాచీన ఈజిప్టు సమాధులలో దొరికిన పిల్లి మమ్మీలలో కొన్ని ఈ జాతివే. పశ్చిమాసియాలోని పిల్లుల కంటే భారతదేశంలోని పిల్లులు పరిమాణంలో చిన్నవి. మన దేశంలోని చిన్న అడవి మార్జాలాలలో విస్తారంగా కనిపించేది ఇదే.

శరీర లక్షణాలు

అడవి పిల్లి తల నుండి తోక మొదలు వరకు సుమారు 60 నుండి 75 సెంటీమీటర్ల పొడవు, భుజం వద్ద సుమారు 36 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. తోక 21 నుండి 36 సెంటీమీటర్లు. మన ప్రాంతంలో ఎదిగిన మగ పిల్లి సాధారణంగా 5, 6 కిలోలు తూగుతుంది. ఆడ పిల్లి ఇంతకంటే చిన్నది.

ఒంటి రంగు ఇసుక రంగుకు, బూడిద రంగుకు మధ్యగా ఉంటుంది. ఎదిగిన పిల్లి ఒంటిపై మచ్చలు ఉండవు. కాళ్ళ మీద లేత చారలు, తోక చివర నల్లని వలయాలు, తోక కొసన నలుపు ఉంటాయి. పెంపుడు పిల్లితో పోలిస్తే కాళ్ళు పొడవు, తోక పొట్టి. చెవులు పెద్దవిగా, నిక్కబొడుచుకొని, కొసన చిన్న నల్లని కుచ్చుతో ఉంటాయి. దూరం నుండి పెంపుడు పిల్లిలా కనిపించినా కాళ్ళు, తోక, చెవులు చూసి దీనిని సులభంగా గుర్తించవచ్చు.

లింక్స్, బాబ్‌క్యాట్‌లతో పోలిక

పొట్టి తోక, చెవి కొసన కుచ్చు చూసి పూర్వపు పాశ్చాత్య రచయితలు కొందరు అడవి పిల్లిని లింక్స్ జాతులకు దగ్గరి జంతువుగా భావించారు. కొన్ని భాషలలో దీనికి చిత్తడినేల లింక్స్ అనే అర్థం వచ్చే పేరు కూడా ఏర్పడింది. కాని ఇది లింక్స్ కాదు. పెంపుడు పిల్లి చెందిన ఫెలిస్ ప్రజాతిలోనిదే.

ఈ తేడా దంతాలలోను, కళ్ళలోను తెలుస్తుంది. లింక్స్‌లకు 28 దంతాలు ఉంటే అడవి పిల్లికి పెంపుడు పిల్లి వలెనే 30 ఉంటాయి. వెలుతురులో లింక్స్ కంటిపాప గుండ్రంగా ఉంటుంది. అడవి పిల్లి కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది.

లింక్స్ ప్రజాతిలో నాలుగు జాతులు ఉన్నాయి. యూరేషియా లింక్స్ వీటిలో పెద్దది. ఇది 18 నుండి 30 కిలోల వరకు తూగుతుంది. భారతదేశంలో లడఖ్ వంటి హిమాలయ ప్రాంతాలలో మాత్రమే కనిపిస్తుంది. ఐరోపాలో ఇది రో జింకలను గొంతు పట్టి చంపుతుంది. కెనడా లింక్స్ దాదాపు పూర్తిగా మంచు కుందేలు మీదనే ఆధారపడుతుంది. అందువలన సుమారు పదేళ్ళకొకసారి కుందేళ్ళ సంఖ్య పెరిగి తగ్గినప్పుడల్లా దాని సంఖ్య కూడా పెరిగి తగ్గుతుంది. ఉత్తర అమెరికాకు చెందిన బాబ్‌క్యాట్ ముఖ్యంగా కుందేళ్ళను తింటుంది. అయితే అవకాశం దొరికినప్పుడు తన బరువుకు ఎన్నో రెట్లు ఉన్న జింకను సైతం పడగొట్టగలదు.

అడవి పిల్లి తీరు వీటికి భిన్నం. దాని ఆహారంలో చాలా భాగం ఒక కిలో కూడా తూగని జీవులే. బరువైన జంతువుతో పెనుగులాడడం దానికి అవసరం లేదు. క్షణంలో గురి తప్పకుండా దూకి చంపడమే దానికి జీవనాధారం. దాని బలాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి.

వేట విధానం

అడవి పిల్లి ఒంటరిగా వేటాడుతుంది. చాలా మార్జాలాల వలె కేవలం రాత్రివేళకే పరిమితం కాదు. ఉదయం, సాయంత్రం వేళలలో చురుకుగా తిరుగుతుంది. మనుషుల అలికిడి లేని చోట పగలు కూడా వేటాడుతుంది.

వేటలో మొదటి ఆయుధం చెవి. చెరకు తోటలోగాని, జమ్ములోగాని నాలుగడుగుల అవతల ఏమున్నదీ కంటికి కనిపించదు. కాబట్టి పిల్లి కదలకుండా నిలిచి వింటుంది. రెండు చెవి డొప్పలను వేర్వేరు దిక్కులకు తిప్పి శబ్దం వచ్చిన చోటును గుర్తిస్తుంది. మనిషి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వినగలడు. పెంపుడు పిల్లి 60 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనులను కూడా వింటుంది. ఎలుకలు తమలో తాము చేసే సన్నని కీచు శబ్దాలలో చాలా భాగం ఈ పరిధిలోనివే.

జాడ తెలిసిన తరువాత పిల్లి పొట్ట నేలకు ఆనేటట్లు వంగి, ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరకు చేరుతుంది. ముకుళించిన గోళ్ళు, మెత్తని అరికాళ్ళు అడుగుల చప్పుడు వినబడనీయవు. చివరి కొద్ది దూరాన్ని ఒక పరుగులోగాని, ఒక దూకులోగాని ముగిస్తుంది. ఇది గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. అయితే మార్జాలాల కండరాలు క్షణికమైన విజృంభణకు తగినవి, దీర్ఘమైన పరుగుకు తగినవి కావు. మొదటి దూకు తప్పితే పిల్లి సాధారణంగా వేటను వదలివేస్తుంది.

ఎలుక వంటి చిన్న ప్రాణిని ముందు కాళ్ళతో నేలకు అదిమి, మెడ వెనుక కొరుకుతుంది. పొడవైన కోరపళ్ళు మెడ వెన్నుపూసల సందులోకి దిగి వెన్నుపామును తెంచుతాయి. దానితో ప్రాణి వెంటనే చనిపోతుంది. పక్షులు ఎగిరిపోతుంటే ఒకటి రెండు నిలువు దూకులతో గాలిలోనే అందుకుంటుంది. చెట్లు ఎక్కగలదు. నీటికి భయపడదు. చక్కగా ఈదుతుంది, చేపలను కూడా పట్టుకుంటుంది.

బలం

దీని బలం ముఖ్యంగా వెనుక కాళ్ళలోను, దవడలలోను ఉంటుంది. ఈ బలానికి సాక్ష్యంగా జెర్డన్ తన గ్రంథంలో స్వీయానుభవం ఒకటి చెప్పాడు. ఆయన ఒక చెరకు తోట అంచున నెమలిని తుపాకితో కొట్టగా, తోటలోనుండి ఒక అడవి పిల్లి దూకి ఆ నెమలిని పట్టుకున్నది. నెమలి ఇంకా పూర్తిగా చావలేదు. కొద్దిసేపు పెనుగులాడింది. ఆయన పరుగెత్తుకుంటూ వస్తున్నా పిల్లి బెదరక దానిని ఈడ్చుకొని పారిపోయింది. తుపాకి పేలిన వెంటనే అంత త్వరగా దూకినందున, అది అప్పటికే అవే నెమళ్ళ కోసం పొంచి ఉండాలని జెర్డన్ ఊహించాడు. పెట్ట నెమలి అయినా సుమారు 3 కిలోలు తూగుతుంది. అంటే పిల్లి తన బరువులో సగమో, అంతకంటే ఎక్కువో ఉన్న పక్షితో పారిపోయిందన్నమాట.

కుందేళ్ళను, అరుదుగా జింక పిల్లలను కూడా అడవి పిల్లి చంపగలదు. అయితే మనిషి మీదికి తానై రాదు. మూలకు తరిమినప్పుడు, పిల్లలను ముట్టుకోబోయినప్పుడు మాత్రం తీవ్రంగా ఎదిరిస్తుంది.

ఆహారం, రైతుకు మేలు

ఎలుకలు, పందికొక్కులు, పక్షులు, తొండలు, పాములు, కప్పలు, కీటకాలు దీని ఆహారం. వీటిలో అగ్రస్థానం ఎలుక జాతి జీవులదే. రాజస్థాన్‌లోని సరిస్కాలో జరిగిన అధ్యయనంలో ఒక అడవి పిల్లి రోజుకు మూడు నుండి అయిదు ఎలుకలను తింటుందని అంచనా వేశారు. ఈ లెక్కన ఒక్క పిల్లి ఏడాదికి 1,095 నుండి 1,825 ఎలుకలను తింటుంది.

చెరకు రైతుకు ఈ లెక్క చిన్నది కాదు. పందికొక్కులు చెరకు గడలను మొదట్లో కొరికివేస్తాయి. కొరికిన గడ గాలికి పడిపోతుంది, లేదా తెగులు సోకి రసం చెడుతుంది. వరి పొలాలలో అవి గట్లకు బొరియలు తవ్వి, కంకులను కోసి లోపల దాచుకుంటాయి. గట్టుకు బొరియ పడితే మడిలోని నీరు నిలవదు. ఆంగ్లంలోని బాండికూట్ అనే మాట తెలుగు పందికొక్కు నుండే పుట్టడం ఇక్కడ గమనింపదగినది.

నిజామాబాదు, బోధన్ చెరకు ప్రాంతం

మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు వలన ఇందూరు సీమలో కాలువల కింద సాగు విస్తరించింది. 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. పరిసర గ్రామాలలో చెరకు ప్రధాన పంట అయింది.

చెరకు పొలంలో పది నుండి పన్నెండు నెలలు నిలుస్తుంది. మొక్కతోట కొట్టిన తరువాత కార్శి తోట పెరుగుతుంది. అందుచేత ఒకే చేనులో ఏడాదిలో చాలా కాలం మనిషి ఎత్తుకు మించిన పొద ఉంటుంది. నేలపై ఎండుటాకుల పరుపు, పక్కనే కాలువ నీరు, లోపల ఎలుకలు ఉంటాయి. జమ్ము పొదలో పుట్టి పెరిగే జంతువుకు చెరకు తోట మరొక జమ్ము పొదవంటిదే.

ఈ కర్మాగారం 2002లో ప్రైవేటు యాజమాన్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్ చుట్టుపక్కల చెరకు విస్తీర్ణం తగ్గి వరి, సోయా, మొక్కజొన్న వంటి పంటలు పెరిగాయి. ఎలుకలకు ఈ పంటలలోను కొదవ లేదు. కాని ఇవి మూడు నాలుగు నెలలలో కోతకు వస్తాయి. పిల్లికి కావలసిన ఏడాది పొడుగునా నిలిచే చాటు ఈ పొలాలలో దొరకదు. అందువలన మిగిలిన చెరకు తోటలు, చెరువు శిఖంలోని జమ్ము, కాలువ గట్ల మీది పొదలు ఈ జంతువుకు మునుపటి కంటే ముఖ్యమైనవి.

సంతానం, చెరకు కోతలు

ఆడ పిల్లి సుమారు రెండు నెలల గర్భం తరువాత సాధారణంగా రెండు నుండి నాలుగు పిల్లలను పెడుతుంది. ఎండు గడ్డి, ఆకులు పరచిన దట్టమైన పొద దానికి పురిటిల్లు. పిల్లల ఒంటిపై చారలు, మచ్చలు ఉంటాయి. పెరిగే కొద్దీ ఇవి మాసిపోతాయి. తల్లి ఒక్కటే వాటిని పెంచుతుంది. ఆరు నెలల వయసుకు అవి సొంతంగా వేటాడడం నేర్చి, ఎనిమిది తొమ్మిది నెలలకు తల్లిని విడిచి వెళతాయి.

చెరకు కోతలు శీతాకాలంలో మొదలై వేసవి వరకు సాగుతాయి. పిల్లులు ఈనే కాలంలో చాలా భాగం దీనితో కలుస్తుంది. కూలీలు చేను కొడుతూ లోపలికి వెళ్ళేసరికి తల్లి అలికిడికి తప్పుకుంటుంది, కళ్ళు తెరవని కూనలు మిగులుతాయి. కోత తరువాత చెత్తకు నిప్పు పెడితే అవి అందులోనే కాలిపోతాయి. చూసినవారు చిరుత పిల్లలనుకొని భయపడడం, లేదా జాలితో ఇంటికి తీసుకుపోవడం కూడా జరుగుతుంది. ఇంటికి తీసుకుపోయిన కూనకు తల్లి వద్ద వేట నేర్చుకునే అవకాశం పోతుంది. దానిని తిరిగి అడవిలో విడిచినా బ్రతకడం కష్టం.

చిరుత పిల్లకు ఒళ్ళంతా దట్టమైన నల్లని మచ్చలు, చిన్న గుండ్రని చెవులు, పొడవైన తోక ఉంటాయి. అడవి పిల్లి కూనకు లేత చారలు, కోసుగా ఉండే చెవులు, పొట్టి తోక ఉంటాయి. ఏది అయినప్పటికీ చేతితో తాకకుండా పని ఆపి, అటవీ శాఖకు తెలియజేయాలి. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతపు చెరకు తోటలలో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక పద్ధతిని అనుసరిస్తున్నాయి. దొరికిన కూనలను అదే చోట ఒక పెట్టెలో ఉంచి, మనుషులు దూరంగా తొలగుతారు. చీకటి పడిన తరువాత తల్లి వచ్చి వాటిని ఒక్కొక్కటిగా నోట కరచుకొని పోతుంది. చేనులో ఒక మూల నాలుగు సాళ్ళు ఆ రాత్రికి కొట్టకుండా విడిచిపెట్టడం వలన రైతుకు నష్టం లేదు.

ముప్పులు, రక్షణ

ఊరకుక్కలు, రహదారులపై వాహనాలు, ఉచ్చులు దీనికి ప్రధానమైన ముప్పులు. ఎలుకల మందు మరొకటి. బ్రోమాడియోలోన్ వంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. అటువంటి ఎలుకలను తిన్న పిల్లి ఒంటిలోకి ఆ విషం చేరుతుంది. ఎలుకలను తగ్గించబోయి ఎలుకలను తినేదానిని పోగొట్టుకోవడం ఇందులోని చిక్కు. కోళ్ళ విషయంలో రాత్రివేళ గూటికి గట్టి తలుపు, సన్నని జాలీ ఉంటే చాలు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని తక్కువ ప్రమాదం గల జాతుల జాబితాలో చేర్చింది. అయితే భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించింది. దీనిని వేటాడడం, పట్టి పెంచుకోవడం నేరం.

ఇవి కూడా చూడండి

పిల్లి
చిరుతపులి
పందికొక్కు
చెరకు
నిజాంసాగర్ ప్రాజెక్టు
బోధన్