వినికిడి లేని పిల్లలకు వినికిడి లేని మార్గదర్శి: అపోహలు – వాస్తవాలు

నెల్లికుదురు మండలంలో ఏ ఊళ్లోనో, ఏ తండాలోనో వినికిడి లోపంతో పెరుగుతున్న పిల్లవాడికి పద్నాలుగేళ్లు వచ్చేసరికి చాలామంది పెద్దలు తెలిసి ఉంటారు. అమ్మానాన్నలు, బళ్లో సార్లు, వైకల్యం ధ్రువీకరించే సదరం క్యాంపులో చూసిన డాక్టరు, ఇరుగుపొరుగు వాళ్లు. వీళ్లంతా చెవులు వినేవాళ్లే. తనలాగే వినపడకపోయినా చదువుకుని, సంపాదించుకుంటూ, పెళ్లి చేసుకుని, పిల్లలను పెంచుకుంటున్న పెద్దమనిషిని వాడు ఒక్కరినైనా చూసి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పెద్దయ్యాక తానేమవుతాడో ఊహించుకోవడానికి వాడికి ఆధారమేముంటుంది?

ఆ లోటు తీర్చగలవాళ్లు వినికిడి లేని మార్గదర్శులు. పెద్ద బడుల్లో, సంస్థల్లో వీళ్లను మెంటర్లు అంటారు. తమకు వినికిడి లోపం ఉండి, అదే లోపమున్న పిల్లలకు చదువులో, బతుకులో తోడు నిలిచేవాళ్లు. ఇలాంటి తోడు ప్రస్తావన తేగానే మన ఊళ్లలో ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంతో ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: “ఆయనకే ఇనరాదు, మా పిలగానికి ఏం చెప్తడు?”

వాస్తవం: డాక్టరు చెవిని పరీక్షిస్తారు. ఉపాధ్యాయులు పాఠం చెబుతారు. కానీ సారు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతుంటే ఏం చేయాలి? బస్సులో కండక్టరు అడిగింది అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ ఎలా అడగాలి? తోటిపిల్లలు వంకర పేరు పెట్టి పిలిస్తే ఎలా నిలబడాలి? ఫోన్లో మాట్లాడలేనివాడు ఉద్యోగం ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి? ఇవన్నీ ఆ బతుకు బతికినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

మదన్ వశిష్ఠ జీవితం చూడండి. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక పల్లె ఆయనది. 11 ఏళ్ల వయసులో జబ్బు చేసి వినికిడి పోయింది. పశువులు కాస్తూ, పొలం పనులు చేస్తూ పెరిగారు. 20 ఏళ్ల వయసులో ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి ఢిల్లీ వెళ్లాక, అక్కడి బధిరుల మధ్య సైగల భాష నేర్చుకున్నారు. తర్వాత అమెరికాలో బధిరుల కోసమే నడిచే గాలాడెట్ విశ్వవిద్యాలయంలో చదివి, డాక్టరేట్ పొంది, అధ్యాపకుడయ్యారు. భారతీయ సైగల భాష మీద 1970లలో మొదలైన తొలి శాస్త్రీయ పరిశోధనలో, ఆ తర్వాత వెలువడిన నిఘంటువుల్లో ఆయన పాత్ర ఉంది. తనలాంటివాళ్లు నలుగురు తారసపడటంతో ఒక పల్లె యువకుడి దారి ఎంత దూరం సాగిందో ఇందులో కనిపిస్తుంది.

అపోహ 2: “సైగలు అలవాటైతే ఇగ మాటలు రావు.”

వాస్తవం: ఈ భయం చాలా పాతది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ, బడుల్లో సైగల భాష వద్దని, నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. ఆ ప్రభావం ప్రపంచమంతటా తరతరాల పిల్లల మీద పడింది. 130 ఏళ్ల తర్వాత, 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే అంతర్జాతీయ మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి, వాటివల్ల జరిగిన హానికి విచారం తెలిపింది.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బధిరులైన పెద్దలకు మెంటర్లుగా శిక్షణ ఇచ్చి చిన్నపిల్లల ఇళ్లకు పంపారు. వాళ్లు ఆ ఇంటిల్లిపాదికీ సైగల భాష నేర్పారు. మెంటర్లు లేని టెనెసీ రాష్ట్రపు పిల్లలతో వీళ్లను పోల్చి చూసి, 1998లో ఫలితాలు ప్రచురించారు. మెంటర్లు వెళ్లిన ఇళ్ల పిల్లలు రెండింతలకు పైగా పదాలు వాడారు. ఇంగ్లిష్ వాక్యనిర్మాణంలోనూ ముందున్నారు. అంటే సైగల భాష రెండో భాషకు అడ్డుపడలేదు. అది పసిపిల్లల మీద చేసిన అధ్యయనమే అయినా, ఈ భయానికి సూటిగా జవాబు చెబుతుంది.

భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు వంటి ప్రశ్నపదం సాధారణంగా అందులో వాక్యం చివర వస్తుంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. ఇంట్లో అన్నం, నీళ్లు, రా, పో అని చేసుకునే సైగలు రోజు గడవడానికి సరిపోతాయి. కౌమారంలో పిల్లల మనసులో మెదిలే భయాలు, కోరికలు, ప్రశ్నలు చెప్పుకోవాలంటే నిండైన భాష కావాలి.

అపోహ 3: “మిషన్ పెట్టిచ్చినం, ఇగ ఫికరు లేదు.”

వాస్తవం: చెవి మిషన్ ఎంతో మేలు చేస్తుంది, తప్పక వాడాలి. కానీ కళ్లద్దాలు పెట్టుకోగానే చూపు సరైనట్టు, మిషన్ పెట్టుకోగానే వినికిడి మామూలైపోదు. అది శబ్దాన్ని పెంచుతుంది. దెబ్బతిన్న లోపలి చెవి ఆ శబ్దాన్ని స్పష్టంగా అందుకోలేకపోవచ్చు. యాభై మంది పిల్లల గోలలో, తిరుగుతున్న ఫ్యాను చప్పుడులో, దూరం నుంచి వచ్చే సారు గొంతును పట్టుకోవడం మిషన్‌తోనూ కష్టమే. శస్త్రచికిత్సతో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌కు కూడా ఏళ్ల తరబడి సాధన కావాలి. బయటి యంత్రం తీసి పక్కన పెడితే అది పెట్టుకున్న పిల్లలకు దాదాపు ఏమీ వినపడదు.

పెదవులు చూసి అర్థం చేసుకుంటారులే అనుకుంటాం. అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా పాట, బాట, మాట అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. వినికిడి లోపమున్న విద్యార్థి రోజంతా ఇలాంటి చిక్కులు విప్పుకుంటూ పాఠం వింటాడు. సాయంత్రానికి అలసిపోతే అది బద్ధకం కాదు. ఆ అలసట తానూ పడిన మెంటర్, చెమటకు మిషన్ పాడవకుండా చూసుకోవడం, తరగతిలో ఏ బెంచీ మీద కూర్చుంటే అందరి ముఖాలూ కనిపిస్తాయో చూసుకోవడం, తన అవసరాన్ని సారుకు ముందే చెప్పుకోవడం నేర్పగలరు.

అపోహ 4: “మా బిడ్డకు జరంత ఇనొస్తది. ఆమెకు గీ మెంటర్ ఎందుకు?”

వాస్తవం: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి కోల్పోయినవారు బధిరులు, 60 నుంచి 70 మధ్య కోల్పోయినవారు వినికిడి మందగించినవారు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. జరంత వినపడే పిల్ల దగ్గర అసలు పోయేది ఆ మామూలు మాటే అన్నమాట.

ఇలాంటి పిల్లలు తమ లోపాన్ని దాచుకోవడానికి ఎక్కువ ప్రయత్నిస్తారు. అర్థం కాకపోయినా తల ఊపుతారు. అందరూ నవ్వితే నవ్వుతారు. మిషన్ కనిపించకుండా జుట్టు కప్పుకుంటారు, లేదా బళ్లో తీసి సంచిలో వేసుకుంటారు. బధిరుల్లో కలవలేక, వినేవాళ్లలో ఇమడలేక ఒంటరివాళ్లవుతారు. అందుకే ఈ పిల్లలకు మెంటర్ అవసరం మరీ ఎక్కువ. తనంతే వినికిడి ఉన్న అక్క ఒకామె చెవికి మిషన్‌తో దర్జాగా వచ్చి, “నాకు వినపడలేదు, ఇటు చూసి చెప్పండి” అని నలుగురిలో అడగడం చూస్తే ఆ పిల్లకు కలిగే ధైర్యం ఎన్ని ఉపన్యాసాలతోనూ రాదు.

అపోహ 5: “ఆ మెంటర్‌కు మాలిమైతే మా బిడ్డ మాకు దూరమైతది.”

వాస్తవం: అమెరికా లెక్కల ప్రకారం వినికిడి లోపమున్న పిల్లల్లో 90 శాతానికి పైగా చెవులు వినే తల్లిదండ్రులకు పుట్టినవాళ్లే. ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డే మొదటగా తెలిసిన బధిర వ్యక్తి కావచ్చు. మంచి మెంటర్ పిల్లతో పాటు ఇంటివాళ్లనూ కూర్చోబెట్టుకుంటారు. అమ్మకూ, అన్నకూ సైగలు నేర్పుతారు. పండుగనాడు అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే ఆ పిల్ల ఒక్కతే గోడవారగా ఎందుకు కూర్చుంటుందో వాళ్లకు వివరిస్తారు. బిడ్డతో మాట కలిస్తే దూరం తగ్గుతుంది.

అపోహ 6: “చదివి ఏం జేస్తడు? బండి గూడ నడపలేడు.”

వాస్తవం: పరీక్షలో నెగ్గితే బధిరులకు డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2011లోనే చెప్పింది. వికలాంగులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చే 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం బధిరులకు, వినికిడి మందగించినవారికి కేటాయించారు. 40 శాతం లేదా ఆపై వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు హక్కు. పరీక్షలో అదనపు సమయం, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటి సర్దుబాట్లనూ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొంది.

హైదరాబాద్‌కు చెందిన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచి, 2025లో టోక్యోలో మళ్లీ గెలిచారు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ 2022 పోటీల్లోనే టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం తెచ్చారు. 2023లో బధిర న్యాయవాది సారా సన్నీ సైగల భాషా అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు. వీళ్ల కథలు పిల్లలకు తప్పక చెప్పాలి. అయితే పతకం దూరంగా ఉంటుంది. తోటపని, టైలరింగ్, కంప్యూటర్ పని, బ్యాంకు కొలువు ఏదైనా చేసుకుంటూ పక్కనే కూర్చుని మాట్లాడే మనిషి దగ్గరగా ఉంటాడు. పిల్లవాడికి రెండూ కావాలి.

అపోహ 7: “చెవుడున్నోళ్లు ఎవరైతేంది, పిలగాన్ని అప్పజెప్తే సాలు.”

వాస్తవం: వినికిడి లేకపోవడం ఒక్కటే అర్హత కాదు. పిల్లలతో మెలగడం తెలియాలి, ఓపిక ఉండాలి, తన దారే అందరికీ దారి అని బలవంతపెట్టకూడదు. వైద్యం జోలికి వెళ్లకుండా, అవసరమైతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికీ ఆడియాలజిస్టు దగ్గరికీ పంపాలి. ఎవరినైనా బడి ద్వారా గానీ, నమ్మకమైన సంస్థ ద్వారా గానీ విచారించాకే పిలవండి. కలిసేది బడిలోనో, ఇంట్లోనో పెద్దల ఎదుట జరగాలి. వినికిడి లేని పిల్లలు తమకు జరిగిన చెడును చెప్పుకోలేకపోతారు కనుక ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

అపోహ 8: “అసుమంటోళ్లు పట్నంలనే ఉంటరు, మా నెల్లికుదురుకు ఎవరొస్తరు?”

వాస్తవం: హైదరాబాద్‌లో ఎక్కువమంది ఉన్న మాట నిజం. బధిరుడైన టి.కె.ఎం. సందీప్ స్థాపించిన డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్ అక్కడిదే. అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. అయితే సైగల భాష కంటితో చూసే భాష. ఫోన్‌లో వీడియో కాల్ ఉంటే పట్నంలోని మెంటర్ వారానికోసారి నెల్లికుదురు పిల్లతో ముఖాముఖి మాట్లాడగలరు. సైగల భాష కోసం 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య 31వ టీవీ చానెల్ కూడా మొదలైంది.

దగ్గర్లోనూ దారులున్నాయి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని రిసోర్స్ పర్సన్లకు ఏ ఊళ్లో ఏ పిల్ల ఉందో తెలుస్తుంది. సైగల భాష వచ్చిన వికలాంగ ఉపాధ్యాయులను కూడా నియమించాలని 2016 చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. సైగల భాష బోధించడంలో బధిరుల కోసమే డిప్లొమా కోర్సు ఉంది. ఇంటర్ పాసైన మన పిల్లలే రేపు ఆ కోర్సు చేసి మెంటర్లుగా, ఉపాధ్యాయులుగా రావచ్చు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ మిషన్ గురించి ఎంత పట్టించుకున్నారో, మీ బిడ్డలాంటి ఒక పెద్దమనిషిని పరిచయం చేయడం గురించి అంతే పట్టించుకోండి. ఉపాధ్యాయులారా, మీ బడిలో చదివి వెళ్లిన వినికిడి లేని పాత విద్యార్థులను ఒకరోజు పిలిపించండి. మానుకోటలో, తొర్రూరులో, కేసముద్రంలో, వరంగల్‌లో పని చేసుకుంటున్న వినికిడి లేని అన్నలారా, అక్కలారా, మీ పేరు, మీ ఫోన్ నంబరు దగ్గరి భవిత కేంద్రంలో ఇచ్చి రండి. మీరు పడిన కష్టం తర్వాతి పిల్లవాడికి సగం తగ్గించడం మీ చేతుల్లో ఉంది.