విశ్వాసమునకు శాసనమేల?



మా పొందూరి సన్ననూలు సంగతి మీరెరుగనిది కాదు. వాలుగ చేప దవడయెముకతో పత్తిని దువ్వి, ఏకి, వడికి, ఆ నూలును మగ్గమున కెక్కింతురు. మగ్గము నూలును పుట్టింపదు; ఐనను మగ్గము లేక నూలు వస్త్రము కాదు. క్రైస్తవుల విశ్వాసమునకును సంఘ శాసనమునకును గల సంబంధమును తలంచునపుడెల్ల నాకీ మగ్గమే జ్ఞప్తికి వచ్చును.

“దేవుని ప్రేమించి పొరుగువానికి మేలు చేసిన చాలదా? ఈ నియమములన్నియు నేల?” అని మా యూరి క్రైస్తవ వృద్ధుడొకడు నన్నడిగెను. ఈ ప్రశ్న క్రైస్తవ మతమంత పురాతనమైనది. యూదులు కానివారు సంఘమున చేరునపుడు సున్నతి పొందవలెనా యని తొలి శిష్యులు యెరూషలేమున సభ చేసి చర్చించిరి. ఆ భారము మోపరాదని నిశ్చయించి, కొలది విధులను మాత్రము నిలిపి, లేఖ వ్రాసి సంఘములకు పంపిరి. భారమును దింపుటకు సైతము ఒక కట్టడ కావలసివచ్చినది!

ఇట్టి కట్టడలకు పిమ్మట “కానోను” అను పేరు కలిగెను. గ్రీకు భాషలో ఆ మాటకు కొలబద్ద యని యర్థము. రోమను కతోలికులు వీనిని 1917లో 2414 విధులుగల గ్రంథముగా కూర్చిరి. 1983లో సంస్కరించి 1752 విధులు చేసిరి. ఆత్మల రక్షణయే సంఘమున పరమశాసనమని అందలి కడపటి విధి తెలుపుచున్నది. 1993లో నేర్పడిన శ్రీకాకుళము మేత్రాసనము నడచునది ఈ స్మృతి ననుసరించియే.

బాప్తిస్తుల మార్గము వేరు. కెనడా బాప్తిస్తు మిషను 1874లో కాకినాడయందు తెలుగువారి నడుమ పని నారంభించి, మన యుత్తర ప్రాంతమునకు వ్యాపించినది. వారి సంప్రదాయమున ఏ యూరి సంఘమున కా సంఘమే యధికారి. ఐనను సభ్యులు కూడి తీర్మానించుకొనుట వారికిని తప్పదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు వేర్వేరు సంప్రదాయములవారు ఒక నిబంధనావళిని అంగీకరించియే యేకమైరి.

మరి కలగర సుబ్బారావుగారో? 1942లో క్రీస్తు దర్శనము కలిగినదని చెప్పి, బాప్తిస్మమును సంఘమును రెంటిని నిరాకరించి, క్రీస్తునే యాశ్రయించిరి. ఆయన భక్తిని శంకింప నెవరితరము? కావున శాసనము విశ్వాసమునకు తల్లి కాదని యొప్పుకొనవలసినదే.

ఐనచో అదెందుకు? నేనెరిగిన యొక చిన్న సంఘమున కానుకల సొమ్ము ఒక పెద్దమనిషి యొద్ద నుండెడిది. ఆయన సత్యవంతుడు; లెక్క యడుగుట యవమానమని యెవరు నడుగరైరి. ఆయన గతించిన పిమ్మట సొమ్మెంతయో, మందిరపు స్థలమెవరి పేర నున్నదో తెలియక సంఘము రెండుగా చీలినది. కూలిడబ్బులలో కానుక వేసిన వితంతువులు నష్టపడిరి. చనిపోయిన సత్యవంతుని పేరునకు మచ్చ వచ్చినది. ఏటేట లెక్క చదువవలెనను నొక్క నియమమున్నచో ఆ బీదలును ఆయన పేరును దక్కియుండెడివి.

పెద్దలు గమనింపవలసిన మాట యింకొకటి కలదు. సంఘ శాసనము దేశపు చట్టమునకు బదులు కాదు. క్రైస్తవుల వివాహమునకు 1872 నాటి చట్టమును, విడాకులకు 1869 నాటి చట్టమును కలవు. సంఘ న్యాయసభ వివాహము చెల్లదనినంత మాత్రమున చట్టరీత్యా ఆ బంధము తెగదని సర్వోన్నత న్యాయస్థానము 1996లో తీర్పు చెప్పినది. 2017లోను ఆ మాటయే నిలిపినది. అట్టి పత్రమును చూపి యెవరైన రెండవ పెండ్లికి తాంబూలములు పుచ్చుకొనబోయిన, మీరు వారింపవలెను. లేనిచో మొదటి భార్యయు, క్రొత్తగా వచ్చిన పిల్లయు ఇరువురును చెడుదురు.

ఆ వృద్ధునకు నేను చెప్పిన ప్రత్యుత్తరమిది: “తాతా, దేవుని నమ్ముటకు శాసనము వలదు, నలుగురు కలసి బ్రదుకుటకు వలయును. ఏ నియమమైనను బలహీనుని కాచుచున్నదా, పెద్దపీటను కాచుచున్నదా యని చూడుము. మొదటిదైన నిలుపుము, రెండవదైన సభలో లేచి ప్రశ్నింపుము.”

ఆయన కొంతసేపూరకుండి, “ఐన మా మందిరపు లెక్క ఈ ఆదివారమే చదివించెదను” అనెను. సెలవు.