రాజన్న కోడెలకు దిక్కెవరు?

వేములవాడలో వెలసిన రాజరాజేశ్వరస్వామిని ఉత్తర తెలంగాణ ప్రజలు రాజన్న యని చనువుగ పిలుచుకొందురు. సంతానము కలిగిన, రోగము కుదిరిన, పంట చేతికి వచ్చిన, ఆ స్వామికి కోడెను కట్టెదమని మొక్కుకొనుట తరతరముల ఆచారము. ధర్మగుండములో స్నానమాడి, కోడె పగ్గము చేతబట్టి ప్రదక్షిణము చేసి, స్వామి సన్నిధిని దానిని కట్టివేయుటతో మొక్కు తీరును. మేడారము సమ్మక్క జాతరకు పోవువారు సైతము ముందుగ రాజన్నను దర్శించుకొని పోవుట పరిపాటి.

భక్తులలో పెక్కుమంది ఆలయమువారి కోడెతోనే మొక్కు తీర్చుకొందురు. కొందరు ఇంటినుండి కోడెను తోలుకొనివచ్చి స్వామికి విడిచిపోవుదురు. వారి మొక్కు ఆనాటితో తీరును గాని కోడె బ్రదుకు తీరదు. అది ఇంకను పది పదునైదేండ్లు మేయవలెను, త్రాగవలెను, ఎండవానలకు ఒక నీడన నిలువవలెను. అట్టి కోడెలు వేములవాడ చెంతనున్న తిప్పాపురము గోశాలకు చేరును. 2025 మే నెలాఖరున, వానలకు నేల చిత్తడియైన దినములలో, అక్కడ కోడెలు వరుసగ మరణించుట రాష్ట్రమంతట కలవరము కలిగించినది. చోటునకు మించి పశువులు చేరియుండుట అందరికిని కనబడిన సంగతి. పాలకులను నిందించుట సులభము, కొంతవరకు న్యాయము కూడ. కాని అన్ని కోడెలు అక్కడికెట్లు వచ్చినవను ప్రశ్న పల్లెలవైపు మరలించును.

నాగలికి ఎద్దు కావలసిన దినములలో కోడెదూడ పుట్టిన ఇంట సంతోషము. నేడు దుక్కి ట్రాక్టరుది, బండి లారీది. 2012 పశుగణనలో దేశమున 6.79 కోట్లున్న మగపశువులు 2019 గణననాటికి 4.74 కోట్లకు దిగినవి. అదే కాలమున ఆవులసంఖ్య పెరిగినది. గేదెలను, దున్నలను ఈ లెక్కలో చేర్చలేదు. పాలిచ్చునది కావలెను, దున్నునది అక్కరలేదు. ముఖ్యముగ జెర్సీ సంకరపు మగదూడకు గట్టి మూపురము లేదు, మన యెండకు ఓర్పు తక్కువ. రైతు దానిని కాడికి కట్టుటకు ఇష్టపడడు. ఇంట ఉంచుకొన్న మేతఖర్చు, అమ్మిన కబేళా పాలగునను పాపభీతి. ఈ ఇరుకున పడినవానికి మొక్కు ఒక దారియై దొరకినది. అట్టివానికి భక్తి లేదనుట తగదు. అయినను, తనకు భారమైనదానిని దేవునికిచ్చుట దానమగునా యని పెద్దలు అడిగిన, అతడు తలవంచుకొనవలసినదే.

ఇందులో అందరికంటె ఎక్కువ నష్టపోవునది లేగదూడ. పుట్టిన కొద్దిగంటలలో జున్నుపాలు కడుపులో పడిననే దానికి రోగములను ఎదుర్కొను శక్తి కలుగును. ఆ పాలలోని రక్షకపదార్థములను గ్రహించు గుణము ప్రేగులకు ఒక దినము గడచుసరికి పోవును. తరువాత రెండు మూడు నెలలు దానికి పాలే ఆధారము. గడ్డిని అరిగించుకొను పెద్దపొట్ట అప్పటికింకను ఎదుగదు. అట్టిదానిని తల్లినుండి విడదీసి, వందలకొలది పశువుల నడుమ విడిచిన, పారుడురోగమో ఊపిరితిత్తుల వాపో దానిని పట్టుకొనును. వైద్యులెందరున్నను తల్లిపొదుగునకు సాటిరారు.

కావున సామాన్యుడు చేయదగిన మొదటి మేలు, లేగను తోలుకొనిపోకుండుటయే. ఆలయపు కోడెతో ప్రదక్షిణము చేసినను మొక్కు మొక్కే. చేతనైనవారు ఒక బండెడు గడ్డిని సమర్పింపవచ్చును. కరీంనగరము ప్రాంతమున గడ్డికి కొదువ లేదు. శ్రీరామసాగరము కాకతీయ కాలువక్రింద వరి విస్తారముగ పండును. కోతయంత్రములు వచ్చిన పిదప ఆ గడ్డిని ఎత్తుకొను ఓపికలేక పలువురు పొలముననే నిప్పుపెట్టుచున్నారు. ఒక ఎద్దునకు దినమునకు అయిదారు కిలోల ఎండుగడ్డియు, దానికి మూడు నాలుగింతల పచ్చిమేతయు కావలెను. ఒక ఊరివారు కాల్చివేయు గడ్డి ఎన్ని కోడెలకు ఏడాది గ్రాసమగునో బడిపిల్లలకు లెక్కగ ఇచ్చి చూడవచ్చును.

పుణ్యమునకై పెట్టు ఆహారము విషయమునను ఎరుక అవసరము. అన్నము, బెల్లము, పిండివంటలు మితిమీరి తిన్న పశువు పొట్టలో ఆమ్లము పెరిగి కూలబడును, చచ్చుటయు కలదు. అరటిపండ్లను సంచితోకూడ ముందర పడవేయువారి ప్రేమ మరింత ప్రమాదకరము. ఆ ప్లాస్టిక్కు పొట్టలో ఉండచుట్టుకొని, మేతకు దారిలేకుండ చేయును.

ఇక కోడెకు స్థిరమైన ఇల్లు దొరకవలెనన్న రైతే దిక్కు. ఆదిలాబాదు వైపు చూచిన ఈ మాట అర్థమగును. అక్కడి నల్లరేగడిలో పత్తి మొలిచిన తరువాత సాళ్లనడుమ గుంటుక తోలుటకు ఎడ్లే అనువైనవి. గోండు రైతులు, చిన్నకమతములవారు నేటికిని ఎడ్లను నమ్ముకొన్నవారే. శ్రావణమాసాంతమున వచ్చు పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఆంజనేయుని గుడిచుట్టు త్రిప్పి, ఇంటికి తెచ్చి పూజించి మేపుదురు. మంచి జత కొనవలెనన్న లక్షకు పైమాటే. ఒకచోట కోడెలు నిలువనీడలేక నలుగుచుండ, నాలుగు దినముల ప్రయాణము కూడ కానంత దూరమున మరొకచోట ఎడ్లులేక చిన్నరైతు కాడి బాడుగకు తెచ్చుకొనుచున్నాడు.

దేశవాళికోడెలను రైతులకు ఉచితముగ ఇచ్చుట వేములవాడకు క్రొత్తకాదు. 2024లో అట్లిచ్చినవి కొన్ని కబేళాకు తరలినవను ఆరోపణ వచ్చినది. అందుచేత 2025లో అధికారులు పట్టాదారు పాసుపుస్తకము చూపిన రైతులకు, జతకు మించకుండ, పంచు పద్ధతి చేపట్టిరి. ఇది మేలైన మార్గమే. కాని కాగితము ఊరిదాక వచ్చి ఆగిపోవును. అటుపిమ్మట కోడెను చూచువారు ఊరివారే.

పశువును ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచివేయుట 1960 నాటి జంతుహింసా నిరోధక శాసనము ప్రకారము నేరము. ఆ శాసనమునకు రాజ్యసభలో తొలి ప్రయత్నము చేసినది నర్తకీమణి రుక్మిణీదేవి అరండేలు. ఆమెయే 1962లో ఏర్పడిన జంతుసంక్షేమమండలికి తొలి అధ్యక్షురాలు. శాసనమున్నను ప్రతి పల్లెకు పోలీసు రాలేడు. పశువుల చెవికి వేయు పసుపుపచ్చని బిళ్లపై పన్నెండంకెల సంఖ్య యుండును. రాజన్నకోడె వచ్చిన ఊరిలో ఆ సంఖ్యను బడిపుస్తకములో వ్రాసికొని, ఏటేట పొలాల అమావాస్యనాడు ఆ జత వీధిలోనికి వచ్చినదో లేదో పిల్లలు చూచుకొనుటకు ఖర్చు ఏమియు లేదు. రాకున్నచో పంతులుగారు పశువైద్యశాలకు ఒక ఉత్తరము వ్రాసిన చాలును.