మరియ పాటలో ‘దీనులు’ ఎవరు?

డిసెంబర్ వచ్చిందంటే సికింద్రాబాద్ చర్చీల్లో మరియ పాట వినిపిస్తుంది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో 46 నుంచి 55 దాకా ఉన్న పది వచనాలే ఆ పాట. కథోలిక సంఘం దాన్ని రోజూ సాయంకాల ప్రార్థనలో పాడుతుంది. ఆంగ్లికన్ సంప్రదాయం నుంచి సి.ఎస్.ఐ.కి కూడా అది వారసత్వంగా వచ్చింది. క్రిస్మస్ నాటికల్లో నీలం చీర కట్టుకుని, తల వంచి నిలబడిన అమ్మాయి దాన్ని మెల్లగా చదువుతుంది. వినయం, విధేయత, మౌనం. మన ప్రసంగాలు చాలావరకు మరియను ఆ మూడు మాటల్లోనే ఉంచేశాయి. పాటలో ఏముందో చదివితే ఆ మూడూ నిలబడవు.

మొదట ఒక్క పదం చూద్దాం. దేవుడు తన దాసురాలి ‘దీనస్థితి’ని చూశాడని మరియ అంటుంది. ఇక్కడ గ్రీకు మూలంలో ఉన్న పదం ‘తపైనోసిస్’. అది మనసులో ఉండే వినయం కాదు. సమాజంలో కింద పడేసిన స్థితి, అవమానం. లాటిన్‌లో అది ‘హుమిలితాస్’ అయ్యింది. దాంతో శతాబ్దాలపాటు యూరప్‌లో దాన్ని ‘వినయం’ అనే సద్గుణంగా చదివారు. మార్టిన్ లూథర్ 1521లో ఈ పాటకు రాసిన వ్యాఖ్యానంలో ఆ చదువును కాదన్నాడు. మరియ తన వినయాన్ని పొగుడుకోవడం లేదు, తను ఎవరికీ లెక్కలేని మనిషినని చెబుతోంది అన్నాడు. (అదే లూథర్ నాలుగేళ్లు తిరక్కుండానే, తిరగబడ్డ రైతులను అణచివేయమని రాజులకు రాశాడు. పదానికి అర్థం తెలిసినంత మాత్రాన మనిషి ఎవరి పక్షాన నిలబడతాడో చెప్పలేం.)

మన తెలుగు బైబిల్ అనువాదకులు ఈ చోట సరైన పని చేశారు. ‘వినయం’ అనలేదు, ‘స్థితి’ అన్నారు. ఇంకో మేలు కూడా జరిగింది. నాలుగు వచనాల తర్వాత, బలవంతులను గద్దెల మీద నుంచి దించి దేవుడు పైకెక్కించిన వాళ్లను కూడా ‘దీనులు’ అనే అన్నారు. గ్రీకులోనూ ఆ రెండు మాటలకూ మూలం ఒకటే. అంటే తన గురించి చెప్పుకున్న పదాన్నే మరియ తన జనం అందరికీ వాడింది. నాకు జరిగిందే మాకు జరుగుతుంది అంటోంది. కొన్ని ఇంగ్లీషు అనువాదాల్లో రెండుచోట్ల రెండు వేర్వేరు మాటలు పడి ఈ ముడి తెగిపోతుంది. తెలుగులో చదివేవాళ్లకు మాత్రం చెవికే అందుతుంది.

ఈ పాటకు ప్రేరణ ఎక్కడిది? మరియకంటే చాలా వందల ఏళ్ల ముందు హన్నా పాడిన పాటలో ఉంది. సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయం. పిల్లలు లేరని సవతి చేత మాటలు పడ్డ ఆడమనిషి హన్నా. దేవుడు పేదవాడిని మట్టిలోంచి, ఏమీ లేనివాడిని పెంటకుప్ప మీద నుంచి లేపి అధికారుల పక్కన కూర్చోబెడతాడు అంటుంది. పెంటకుప్ప అన్న మాట తెలుగు బైబిల్లో ఉన్నదే. ఊరి చెత్త, బూడిద, పేడ పోసే చోటు అది. తెల్లవారకముందే ఈ నగరం వీధులు ఊడ్చే మనుషుల్లో ఎక్కువమంది ఏ కులాలవారో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. వారిలో ఆదివారం చర్చికి వెళ్లే ఆడవాళ్లూ ఉన్నారు. హన్నా మాట వారికి ఉపమానం కాదు.

ఆ వచనంలో ‘పేదవాడు’ అన్నచోట హీబ్రూలో ఉన్న పదం ‘దల్’. దాన్ని ‘దళిత’తో కలిపి చూడాలని జేమ్స్ మాస్సే లాంటి దళిత వేదాంతులు వాదించారు. భాషాశాస్త్రం ప్రకారం హీబ్రూ, సంస్కృతం వేర్వేరు కుటుంబాలు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం రాదు. మాకు ఆ చుట్టరికం అవసరమూ లేదు. మట్టి, పెంటకుప్ప, అధికారుల సరసన కుర్చీ చాలు.

మరియ ఎక్కడిదో కూడా గుర్తుపెట్టుకోవాలి. గలిలయలో నజరేతు అనే చిన్న పల్లె. గద్దె మీద హేరోదు, అతని వెనక రోమ్. హేరోదు చనిపోయాక గలిలయలో తిరుగుబాటు లేస్తే, రోమన్ సైన్యం నజరేతుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలోని సెప్ఫోరిస్ పట్టణాన్ని తగలబెట్టి, జనాన్ని బానిసలుగా పట్టుకుపోయిందని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అలాంటి నేల మీద ఒక పల్లె పిల్ల, బలవంతులు పడిపోయారు, ఆకలిగొన్నవాళ్లు కడుపునిండా తిన్నారు, ధనవంతులు వట్టి చేతులతో వెళ్లిపోయారు అని పాడింది. క్రియలన్నీ జరిగిపోయినట్టే ఉన్నాయి. అప్పటికి అక్కడ ఏ గద్దె కూలలేదు. ఇంకా జరగనిదాన్ని జరిగినట్టు పాడటమే ఈ పాటకున్న బలం. 1933 డిసెంబర్‌లో, హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడాదే, డీట్రిచ్ బాన్‌హోఫర్ లండన్ ప్రసంగంలో దీన్ని అన్నిటికంటే విప్లవాత్మకమైన పాటల్లో ఒకటిగా చూపించాడు.

సికింద్రాబాద్‌లో ఈ పాటకు ఒక వింత చరిత్ర ఉంది. 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన ఈ ఊరు బ్రిటిష్ దండు ఊరు. ఇక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం సాయంకాల ఆరాధనలో పెట్టిన పాట ఇదే. నిజాంను గుప్పిట్లో పెట్టుకున్న సైన్యం, బలవంతులను గద్దె దించే దేవుణ్ణి స్తుతించే పుస్తకాన్ని వెంట తెచ్చుకుంది. 1879లో వెస్లియన్ మిషన్ ఇక్కడ పని మొదలుపెట్టింది. ఇక్కడినుంచి మెదక్ వైపు పల్లెలకు వెళ్లింది. అక్కడ ఈ మాటలను తమవిగా తీసుకున్నవాళ్లు ఎక్కువగా మాల, మాదిగలు. ఇవాళ మెదక్ డయోసిస్ కార్యాలయం ఉన్న చోటు పేరు ఓల్డ్ లాన్సర్ లైన్స్. గుర్రపుదళం మకాం పేరు ఇంకా పోలేదు.

పల్లె వదిలినా దీనస్థితి వదల్లేదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవులనూ ముస్లింలనూ ఇప్పటికీ బయటే ఉంచింది. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి, వారి వాటా 1 శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారిన రోజే ఎస్సీ హోదా పోతుందనీ, అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టడం చెల్లదనీ తీర్పు ఇచ్చింది. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు.

చర్చి లోపల కూడా కుర్చీలు ఎవరివో చూడాలి. 1982లో కె. విల్సన్ దళిత క్రైస్తవులను రెండుసార్లు వెలికి గురైనవాళ్లుగా వర్ణిస్తూ పుస్తకం రాశారు. బయటి సమాజం ఒకసారి, సంఘం ఒకసారి. పెళ్లి సంబంధాల్లో, సమాధుల తోటల్లో, ఎన్నికల ప్యానెళ్లలో కులం పనిచేస్తూనే ఉంది. మాల-మాదిగల మధ్య కూడా. మరియ పాట పాడే గొంతు తన సంఘంలోని గద్దెలను లెక్కలోంచి తప్పిస్తే అది సగం పాటే.

చివరిగా వాయిద్యం సంగతి. మరియ హీబ్రూ పేరు మిర్యాము. అదే పేరున్న మిర్యాము నిర్గమకాండం 15లో ఎర్ర సముద్రం దాటి ఆడవాళ్లతో కలిసి పాడింది. ఆమె చేతిలో ‘తంబుర’ ఉందని తెలుగు బైబిల్ చెబుతుంది. తంబుర అనగానే మనకు కచేరీలో శ్రుతి పట్టే తీగల వాయిద్యం గుర్తొస్తుంది. హీబ్రూలో ఉన్నది ‘తోఫ్’. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించేది. మన వాయిద్యాల్లో దానికి దగ్గరివి కంజీర, డప్పు. డప్పు గుడిలోకి రాకపోవడానికి మిషనరీల అయిష్టం ఒక్కటే కారణం కాదు. ఊరి జాతరల్లో, చావుల్లో వెట్టిగా డప్పు కొట్టం అని తొలితరం మాదిగ క్రైస్తవులే తెగించి మానేశారు. అది వారి తిరుగుబాటు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును హక్కుల చప్పుడుగా మార్చింది. ఈ అడ్వెంట్‌లో బైబిల్ స్టడీ పెట్టుకునే విద్యార్థి బృందాలు లూకా ఒకటో అధ్యాయాన్నీ నిర్గమకాండం పదిహేనునూ పక్కపక్కన పెట్టి చదవండి. తంబుర అన్నచోట డప్పు అని ఒకసారి పైకి చదివి చూడండి.